కాపీలో లేని వాక్యం

బండి మందసలోనే ఆగిపోయి ఉందని పోర్టరు సన్యాసి చెప్పి పోయాడు. ఎందుకాగిందో అతనికి తెలియదు, ఎప్పుడు కదులుతుందో స్టేషను మాస్టరుకీ తెలియదు. మందస దాటితే సుమ్మాదేవి, సుమ్మాదేవి దాటితే పలాస, అంతవరకూ ఈ బెంచీ మీద కూర్చోవడమే పని అనుకుని చంద్రకళ ఒళ్లో ఉన్న ప్రూఫుల కట్టని ఒక మోకాలి మీద నుంచి ఇంకో మోకాలి మీదకి మార్చుకుంది. గాలి తిరిగినప్పుడల్లా కాశీబుగ్గ వైపు నుంచి జీడిపిక్కలు కాల్చే పొగ వచ్చి గొంతులో కూర్చుంటోంది. దగ్గు రావాలి, రావడం లేదు, గొంతు ఇంకో పనిలో ఉంది మరి. బండి వచ్చాక కిటికీ దగ్గర నిలబడి, పుస్తకాల కంపెనీ ఏజెంటు కూర్మారావుతో అనవలసిన మాటని అది లోపల్లోపల తిప్పుకుంటోంది. ఆ వాక్యం నాది. ఇంతే కదా, ఎంతసేపు పడుతుంది అనడానికి. పొద్దుట పప్పులో నీళ్లు పోస్తూ అనుకుంది, జడ వేసుకుంటూ అనుకుంది, పట్టాలు దాటుతూ అనుకుంది, అనుకున్న ప్రతిసారీ ఆ మాట వెనకాలే నాన్నగారి ముఖం వచ్చి నిలబడుతోంది, శుక్లాలు కమ్మిన కళ్లు ఎక్కడో చూస్తూ. అది నాదంటే ఇది నా తప్పు అని ఆయన తల వంచుకోవాలి. నాది కాదంటే ఆ వాక్యం పుస్తకంలో ఉండదు. ఈ రెండింటికీ మధ్య పలాస స్టేషనూ ఈ బెంచీ తప్ప ఇంకేమీ లేవు.

నాన్నగారిది నిమ్మాడ. తాతగారు పంచాంగం చంకన పెట్టుకుని ఊళ్లు తిరిగి పెళ్లిళ్లూ తద్దినాలూ చేయించిన మనిషి. ఆ కొడుకు నరసింహమూర్తి పంచాంగం పక్కన పెట్టి విద్వాన్ పరీక్ష ప్యాసై టెక్కలి హైస్కూల్లో తెలుగు పండితుడయ్యాడు. పండితుడిగా ఉంటూనే, ఎవరి సిఫారసు మీదో, రాజమండ్రిలోని పుస్తకాల కంపెనీకి ప్రూఫులు దిద్దే మనిషయ్యాడు. బడి ఉద్యోగం ఎప్పుడో అయిపోయింది, ఈ పని మాత్రం అవలేదు. టెక్కలి ఇల్లు పలాసకి మారింది, ప్రూఫుల కట్టలు కూడా వెనకాలే చిరునామా వెతుక్కుని వచ్చాయి. ప్రూఫు దిద్దడం ఒక్కరి పని కాదు. రచయిత చేత్తో రాసిన కాపీని ఒకరు పట్టుకుని పైకి చదవాలి, రెండోవారు అచ్చు కాగితం మీద కన్ను పెట్టి వింటూ, తేడా వచ్చినచోట గీత గీయాలి. చదివేవారు కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకి అనాలి. పదమూడో ఏట కాబోలు, ఆ చదివే పీట మీద చంద్రకళ కూర్చుంది. నాన్నగారు మొదటి రోజే చెప్పారు, అర్థాన్ని గుమ్మం దగ్గరే ఆపేయమ్మా, లోపలికి రానిచ్చావో నీ గొంతు మారుతుంది, నీ గొంతు మారితే నా కన్ను ఆగదు, ముందుకు పరిగెడుతుంది, తప్పు దాటిపోతుంది అని. అందుకని సముద్రం ఒడ్డున విరహాలూ, హత్యలూ, శివుడి తపస్సూ, ఆరో తరగతి లెక్కలూ అన్నీ ఒకే గొంతుతో, ఒడ్లు చెరిగినట్టు చదవడం నేర్చుకుంది. ఆమె నన్ను మరిచిపోండి కామా అని కామా వెక్కి వెక్కి ఏడ్చింది ఫుల్‌స్టాప్ పేరా. పక్కింటి మహాలక్ష్మమ్మ గోడ మీంచి తొంగిచూసి, మీ ఇంట్లో పొద్దస్తమానం కామా కామా అని ఏటి జపం సేత్తారమ్మా, ఏ దేవుడికి, అని అడిగింది ఒకసారి. నాన్నగారు ఎప్పుడూ నవ్వని మనిషి, ఆ రోజు నవ్వారు.

అమ్మకి చదువు రాదు. అమ్మ వంటింట్లో కూర్చుని వినేది. కామాలు ఏరి పారేసి, ఫుల్‌స్టాపులు ఏరి పారేసి, బియ్యంలో రాళ్లు ఏరినట్టే, మిగిలిన కథ మాత్రం ఉంచుకునేది. సాయంత్రం దీపాలవేళ చంద్రకళ పక్కన చేరి, ఆ పిల్ల ఆఖరికి ఏటయిందే అని అడిగేది. ఏ పిల్లమ్మా? అదేనే, మేనమామ మోసం చేసిన పిల్ల. చంద్రకళకి తెలిసేది కాదు. చదివింది తనే, నోటితో పలికింది తనే, పిల్ల ఏమయిందో మాత్రం తెలియదు. ఇంత సదివీ తెలీదంటావేటే అని అమ్మ బుగ్గ నొక్కుకునేది, తర్వాత తనే చెప్పేది, ఆ పిల్ల అలా చేసుండకూడదనీ, ఆ మేనమామని కొట్టుండాల్సిందనీ. రాజమండ్రి నుంచి తర్వాతి ఫారాలు, పదహారేసి పేజీల అచ్చు కాగితాలు, రావడం ఆలస్యమైతే పోస్టుమేన్ కోసం నాన్నగారి కంటే ముందు అమ్మే గుమ్మంలోకి వెళ్లేది, చుట్టాలెవరో రావలసినట్టు. ఇప్పుడనిపిస్తుంది, ఆ కంపెనీ వేసిన పుస్తకాలన్నిటికీ అచ్చుకి ముందే మొదటి పాఠకురాలు మా అమ్మ, సీతాదేవి, టెక్కలి, అని ఎక్కడైనా వేసుండాల్సింది. ఎక్కడ వేస్తారు. ప్రూఫులు దిద్దిన నాన్నగారి పేరే ఏ పుస్తకంలోనూ లేదు. ముందు పేజీలో రచయిత పేరుంటుంది, వేసినవారి పేరుంటుంది, ముద్రణాలయం పేరుంటుంది, తప్పులుంటే ఆఖర్న తప్పొప్పుల పట్టిక కూడా ఉంటుంది, తప్పుల్లేకుండా చేసినవాడికి మాత్రం చోటు లేదు.

ఈ పనిలో అందరూ ఎక్కడో ఎక్కి ఎక్కడో దిగినవాళ్లే. కూర్మారావు టెక్కలి ప్రెస్సులో పెళ్లి శుభలేఖలూ సినిమా కరపత్రాలూ కంపోజు చేసేవాడు, గోళ్లలో ఎప్పుడూ సీసం నలుపు. రాజమండ్రి కంపెనీకి వెళ్లి ఫోర్మనయ్యాడు, సీసం గాలికి ఛాతీ పట్టేస్తే కుర్చీ మారి ఏజెంటయ్యాడు, ఇప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇచ్ఛాపురం దాకా బడులు తిరిగి హెడ్మాస్టర్లకి పుస్తకాలు చూపిస్తాడు. ఆ కంపెనీ రచయిత ఈశ్వరరావు జిల్లా బోర్డాఫీసులో గుమాస్తా, సెలవు చీటీలు రాసి రాసి నవలలోకి వచ్చాడంటారు. వాళ్లకి ప్రతి మెట్టుకీ ఒక పేరుంది. తన మెట్టుకి పేరేమిటి? కాపీ పట్టుకునే మనిషి. పెళ్లయింది, ఆయన ఖరగ్‌పూర్ రైల్వేలో పనికని వెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు, తను తిరిగొచ్చి మళ్లీ అదే పీట మీద కూర్చుంది, అదే గొంతుతో చదివింది. ఈమధ్య నాన్నగారికి చూపు పోయాక కాపీ చదివేదీ తనే, అచ్చు చూసేదీ తనే, గీత గీసేదీ తనే. ఆయన పక్కన కూర్చుని వింటారు, ఆఖర్న వేలు పట్టుకుని చోటు చూపిస్తే అక్కడ సంతకం చేస్తారు. ఒళ్లో ఉన్న ఈ కట్టలోనూ ఆ వంకర సంతకం ఉంది. మేస్టారి ప్రూఫులు అనే అంటారు రాజమండ్రిలో. అననీ, దానికి బాధ లేదు. కానీ ఎక్కడో లోపల, తనది అని ఒకటి, చింతగింజంత, అచ్చులో ఉందని తెలిసినప్పటి నుంచీ కడుపులో ఒక వెచ్చదనం, ఎవరికీ చెప్పనిది, దాన్ని తీసేస్తే ఇంకేం మిగులుతుంది.

నాన్నగారికి చూపున్నప్పుడే, ఒక ఏడు ఈశ్వరరావు నవల సగం ఫారాలే వచ్చాయి. పొట్టకూటికి బర్మా, రంగం వెళ్లినవాడి కథ. ఉద్దానం నుంచి ఎంతమంది పోలేదు రంగం, బారువ దగ్గర ఓడెక్కి, ఎంతమంది రాలేదు. అమ్మకి ఆ కథ పట్టుకుంది. రంగం పోయినోడు తిరిగొత్తాడా రాడా అని జ్వరంలో కూడా అడిగింది, కొత్త ఫారాలు రాలేదా అని అడిగింది. రాలేదు. అమ్మ పోయింది. పదమూడు రోజులూ అయ్యి చుట్టాలంతా వెళ్లిపోయాక, మొదటిసారి తను పొయ్యి ముట్టించుకున్న పూట, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి సోల కొలిచి చేటలో పోసింది. ఎప్పుడూ కొలిచినంతే, ముగ్గురికి. పోశాక తెలిసింది. కొంచెం వెనక్కి తీసి డబ్బాలో పోసింది, మర్నాడూ అంతే కొలిచింది, మర్నాడూ వెనక్కి పోసింది. గుమ్మంలో నాన్నగారు నిలబడి ఉన్నారు ఒకరోజు, చెంబు పట్టుకుని మంచినీళ్ల కోసం. చూశారో లేదో. తర్వాత ఫారాలు వచ్చాయి. ఇద్దరూ కూర్చున్నారు. వంటింట్లో వినేవాళ్లు లేరు. ఎవరూ వినడం లేదు గనకనేమో, కాపలా లేని గుమ్మంలోంచి వచ్చినట్టు అర్థం లోపలికి వచ్చేసింది. చదువుతోంది, ఓడ కదిలిపోయింది కామా ఆమె ఇంటికి తిరిగి వచ్చి పొయ్యి ముట్టించింది ఫుల్‌స్టాప్, అక్కడ కాపీలో వాక్యం అయిపోయింది, తన గొంతు అయిపోలేదు, అదే గొంతుతో, ఒడ్లు చెరిగే గొంతుతోనే, ఆయన వెళ్లిన సంగతి ఇంటికంతటికీ తెలిసింది గాని కామా బియ్యం కొలిచే ఆమె చేతికి ఇంకా తెలియలేదు ఫుల్‌స్టాప్ అంది. అని, బిగుసుకుపోయింది. ఎదురుగా నాన్నగారి కలం ఆగింది. ఎంతసేపో ఆగింది. గేదె ఎవరిదో అరిచింది వీధిలో. తర్వాత కాగితం అంచు మీద కలం గీరుకునే చప్పుడు, గర గర గర, నిదానంగా, ఒక వాక్యం పొడుగునా. కంపోజిటరు లైను ఎగరగొట్టాడని అనుకున్నారు కాబోలు, అలా ఎగరడం మామూలే, చెప్పేద్దామా అని నోరు తెరిచింది. ఊఁ, తర్వాత, అన్నారు నాన్నగారు. తర్వాతది చదివింది.

రాజమండ్రిలో నరసింహమూర్తి మేస్టారు గీత వేశాక మళ్లీ కాపీ తీసి సరిచూడడం ఎవరికీ అలవాటు లేదు. అదే ఆయన గొప్ప, అదే ఆయన ఆస్తి. అచ్చయిపోయింది. పుస్తకం వచ్చిన రోజు తను ఆ పేజీ తీసింది, ఉంది, నల్లగా, ఎవరి వాక్యాల పక్కనో ఎవరి వాక్యంలాగో. రోజుకి ఎన్నిసార్లు చూసుకుందో. తర్వాత తర్వాత అది ఇల్లు విడిచి నడవడం మొదలెట్టింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు శ్రీకాకుళంలో సభ పెట్టి ఈశ్వరరావుకి దండ వేశారు. ఆడవాళ్ల చాపల మీద వెనకెక్కడో కూర్చుంది చంద్రకళ. ఎవరో వకీలు లేచి, ఈ నవలంతా ఒక ఎత్తు, ఈ ఒక్క వాక్యం ఒక ఎత్తు అని, చదివాడు. బియ్యం కొలిచే ఆమె చేతికి ఇంకా తెలియలేదు. పక్కనున్న ఆవిడ పమిట కళ్లకి అడ్డం పెట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. తనూ కొట్టింది. ఈశ్వరరావు తల వంచుకున్నాడు, అందరూ అది వినయం అనుకున్నారు. ఆ తల ఎందుకు వంగిందో ఆ సభలో తెలిసినవాళ్లు ఇద్దరే, ఆయనా, తనూ, ఒకరికొకరు తెలియకుండా. ఆ రాత్రి బస్సులో తిరిగొస్తూ, అమ్మా, విన్నావా, అనుకుంది. అంతకుమించి ఎవరితో అనాలో తెలియలేదు.

మొన్న కూర్మారావు ఇచ్ఛాపురం వెళ్తూ దిగాడు. నవల రెండో ముద్రణ వేస్తున్నారు, ఆఖరి ఫారాల ప్రూఫులు ఇచ్చాడు, తిరిగి ఇదే బండిలో వస్తాననీ కిటికీలోంచి అందుకుంటాననీ చెప్పాడు. చంద్రకళ లోపల కాఫీ కలుపుతోంది. వసారాలోంచి అతని మాట వినిపించింది. ఈశ్వరరావుగారికి మనసులో పీకుతున్నాదట. ఆ వాక్యం నేను రాయలేదు, ఇన్నాళ్లూ ఊరుకున్నాను, ఇంక నా వల్ల కాదు అన్నాడట. పాత కాపీ తీసి చూశారు, అందులో నిజంగానే లేదు. ఎవరిదో తేలితే వాళ్ల పేరు ముందుమాటలో చెప్పి ఉంచుతాడు, తేలకపోతే ఈసారి తీసేస్తాడు. కంపెనీ యజమాని మాట ఇంకోలా ఉంది, కాపీలో లేని మాట చేర్చే చేతికి ఇకమీద కట్టలు వెళ్లవు అన్నాడట. ఇదంతా కూర్మారావు నేల చూపులు చూస్తూ చెప్పి ఉంటాడు, గొంతు అలా ఉంది. కాఫీ గ్లాసులతో తను వసారాలోకి వచ్చేసరికి, చూద్దాం కూర్మారావూ అన్నారు నాన్నగారు, కండువా వేసుకుని, కర్ర తీసుకుని, అతని భుజం పట్టుకుని స్టేషను దాకా దిగబెడతానని బయల్దేరారు. ఎప్పుడూ లేదు, చూపు పోయాక గుమ్మం దాటని మనిషి. పోర్టరు సన్యాసి తిరిగి దిగబెడితే వచ్చి కాళ్లు కడుక్కున్నారు. అన్నం తిన్నారు. ప్రూఫులు విన్నారు. ఆ వాక్యం వచ్చినప్పుడు తన గొంతు మారలేదు, అచ్చం కామా దగ్గర కామా, ఫుల్‌స్టాప్ దగ్గర ఫుల్‌స్టాప్. ఆయన వేళ్లు మాత్రం మోకాలి మీద ఆగాయి. ఇవాళ పొద్దుట, కట్ట నువ్వే పట్టుకెళ్లి ఇయ్యమ్మా, నేను రాను అన్నారు. అంతే. ఆ అంతేలో ఏముందో ఇంతసేపూ తవ్వుతోంది. నువ్వే పట్టుకెళ్లు అంటే నోరు మూసుకుని ఇచ్చి రా అనా. తను నోరు విప్పితే, ఏమీ తెలియని ముసలాయన్ని రేపు యజమాని, ఏమండీ ఇదెలా వచ్చింది అంటే, లైను ఎగిరిపోయింది అనుకున్నాను అని తడబడతారు, ముప్పై ఏళ్ల పేరు ఆ తడబాటుతో పోతుంది. ఆ పేరు పోవడమా, ఈ వాక్యం పోవడమా. వాక్యం పోతే ఎవరికి లోటు, కథ ఆగదు, ఓడ వెళ్తుంది, పొయ్యి వెలుగుతుంది. ఒక చేతికి తెలియకపోవడం అనేది ఒకప్పుడు ఉండేదని మాత్రం ఇక ఎవరికీ తెలియకుండా పోతుంది. అయినా కావాలి. సిగ్గు లేకుండా కావాలి. ఆకలేసిన పిల్లకి విస్తరి కావలసినట్టు కావాలి. ఇంత కావాలనుకోవడం ఎప్పటి నుంచి వచ్చింది తనకి, ఏదీ అడగని మనిషి కదా తను.

సిగ్నలు రెక్క వాలింది. సన్యాసి గంట కొట్టాడు. తూర్పున కొబ్బరి తోటల మీద పొగ లేచి వంగి, ఇంజను మలుపు తిరిగింది, జనం మూటలెత్తుకున్నారు. చంద్రకళ లేచి కట్ట చంకలో పెట్టుకుంది. పెట్టెలు ఒకటొకటే దాటిపోతున్నాయి, కిటికీల్లో ముఖాలు, ముఖాలు, ఆగిన చోట నాలుగో పెట్టెలోంచి కూర్మారావు చెయ్యి ఊపాడు. పరిగెత్తలేదు, పరిగెత్తినంత పని చేసింది. కట్ట కిటికీ ఊచల మధ్య నుంచి అందించింది. అతను విప్పి చూడలేదు, పక్కన పెట్టుకున్నాడు. ముందు ఇంజను నీళ్లు పట్టుకుంటున్న చప్పుడు.

“మేస్టారు ఆ రోజు దారిలో సెప్పేసినారు సెల్లెమ్మా.”

“ఏం చెప్పారు?”

“నువ్వు సదువుతున్నప్పుడే తెలిసిందట, అది కాపీలో లేదని. తెలిసే రాసాను కూర్మారావూ, ఆ తప్పు నాది, యజమానికి అలాగే సెప్పు అన్నారు.” అతను కొంచెం నవ్వబోయి మానుకున్నాడు. “అప్పుడు ఫోర్మన్ని నానే గదా, ఆ లైను ఎగరేసానని నాను తిన్న తిట్లు ఎవలు తిరిగిత్తారో మరి.”

తెలిసే. అయితే ఆ కలం ఆగింది అందుకు. గేదె అరిచినంతసేపూ, వీధిలో ఎండ పడినంతసేపూ, ఆయన ఎదురుగా కూర్చుని ఆ చేతిని చూస్తున్నారు, డబ్బాలోకి బియ్యం వెనక్కి పోసిన చేతిని. అన్నీ తెలిసి, ముప్పై ఏళ్లుగా ఎవరి మాటా కదపని మనిషి, అక్షరం అక్షరం గుండ్రంగా, కూతురి గొంతులోంచి విన్నది అంచు మీద దించారు. గీత కాదు అది, ఏమిటది. ఇన్నేళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు ఇద్దరూ, ఒకరికి తెలియదని ఒకరు. పోనీ ఒక్కసారి అనుండకూడదా నాన్నా. తనైనా అనుండకూడదా. ఆయన తప్పుని ఆయన అప్పుడే మోసుకుని కండువా వేసుకుని ఇదే స్టేషనుకి నడిచొచ్చేశారు, తను గంటసేపు కూర్చుని ఆయన్ని దాని నుంచి తప్పిద్దామని చూసింది.

“ఇంక కట్టలు రావన్నమాట,” అంది.

“రావు. ఆయనకీ తెలుసు.” కూర్మారావు ఊచలు పట్టుకుని ముందుకు వంగాడు. “పేరు మాట అడిగినాను. నాదని అన్లేదు, ఎవలిదనీ అన్లేదు. బండి తిరిగొచ్చినపుడు అదే వత్తాది, దాన్నే అడుగు, సెప్తే వెయ్యి, నేకపోతే తీసేయమను అన్నారు. మరి ఏటి సెప్పమంటావు?”

గార్డు ఈల వేశాడు. గంట నుంచీ నూరుకున్న మాట నోట్లో లేదు. ఆ వాక్యం నీదా అని ఎవరూ అడగడం లేదు ఇప్పుడు, అతనికి కావలసింది పేరు.

“చంద్రకళ.”

“ఇంటిపేరు?”

బండి కుదుపు తిన్నది. ఇంటిపేరు. ఖరగ్‌పూర్లో ఉన్నాయనది ఒకటుంది, పెళ్లి చీటీ మీద తగిలించినది, ఇంకో ఆవిడ వాడుకుంటోంది. నాన్నగారిది ఒకటుంది, దాని మీద ఇప్పటికే మోయలేనంత పెట్టుకున్నారాయన. అమ్మని ఇంటిపేరు ఎవరూ అడగనే లేదు. కిటికీ కదులుతోంది, పక్కనే నడుస్తోంది తను, పైట కొంగు పొగలో ఎగిరి ముఖానికి తగులుతోంది.

“అలాగే వెయ్యమను,” అంది.

“ఒట్టి సెంద్రకళేనా? ముందుమాటలో సిన్నగా ఉంటాది మరి.”

ప్లాట్‌ఫారం అయిపోతోంది.

“ఉండనీ, అన్నయ్యా. ఒట్టి చంద్రకళే.”